కుందేళ్ల అభ్యంతరం

మా ఇంట్లోని రెండు కుందేళ్లకూ సంపూర్ణ స్వాతంత్ర్యం ప్రసాదించబడినదని ఇందుమూలంగా యావన్మంది పాఠకులకూ తెలియజేయడమైనది. పంజరాన్ని వరండాలో పెట్టాం. ప్రస్తుతం అందులో మా ఆయన బూట్లు భద్రంగా ఉంటున్నాయి. బయట పెడితే వాటికి లేసులు మిగలడం లేదు.

ఈ సంస్కరణకు కర్త మా మామగారు. ఏదో సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షులుగా వెలిగి రిటైరైన మనిషి. ఆయన ఎదుట మాట్లాడాలంటే చెయ్యెత్తాలి. ఎత్తినా పిలవరు. "ప్రాణి అన్నాక స్వేచ్ఛ ఉండాలి. ఎవరినైనా సరే, కట్టిపడేసే హక్కు మనకెక్కడిది?" అని హాల్లో ఆయన ఉపన్యసించినప్పుడు అత్తగారూ నేనూ వంటింట్లోంచే విని చప్పట్లు కొట్టాం. చేతులకు సబ్బు నురగ ఉండడంతో అంతగా మోగలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక చిన్న చిన్న సర్దుబాట్లు తప్పుతాయా? కొరుకుతాయని వైర్లన్నీ మనిషెత్తుకు ఎక్కించాం. ఫోను ఛార్జింగు పెట్టాలంటే మా ఆయన స్టూలెక్కుతారు. సోఫా కింద వాటికి నిద్రాభంగం కాకూడదని సోఫా అంచునే కూర్చుంటాం. ఎక్కడ తొక్కుతామోనని నేలచూపులు చూస్తూ నడవడం అందరికీ అలవాటైపోయింది. బజారుకెళ్లినా తల ఎత్తడం లేదు. మా కుటుంబానికున్న వినయం ఎవరికీ లేదని వీధివాళ్లు మెచ్చుకుంటున్నారు. మామగారి పడక్కుర్చీ కాలు కొరికి పారేస్తే ఆయన, "పళ్లు సలుపుతున్నాయేమో, పాపం" అన్నారు. అదే కుర్చీలో నేనొకసారి నడుం వాల్చినందుకు ఆయన నాతో చాన్నాళ్లు మాట్లాడలేదు. అయినా పోలికలెందుకు లెండి.

కుందేలు అరవదు. భయమేసినా, కోపమొచ్చినా వెనక కాలితో నేలమీద ఒక్కటి వేస్తుంది. ధబ్! లోకమంతా దాన్ని వట్టి చప్పుడనుకుంటుంది. జీవితమంతా సభలు నడిపిన మా మామగారు మాత్రం దాన్ని అభ్యంతరంగా గుర్తించారు. టీవీ పెడితే ధబ్. సౌండు తగ్గింది. మిక్సీ వేస్తే ధబ్. మిక్సీ వరండాలోకి పోయింది, దాని వెనకాలే నేనూ పోయాను. మా ఆయన తుమ్మితే ధబ్. అప్పట్నుంచి ఆయన తుమ్మొస్తే వీధిలోకి పరిగెడుతున్నారు. "నోరులేని జీవాల మాట వినడమే నాగరికత" అని మామగారి అభిప్రాయం. నోరున్న జీవాల సంగతి ఇంకా చర్చకు రాలేదు.

అలాంటి రోజుల్లో నాకు ఉద్యోగం వచ్చింది. పెళ్లికి ముందు రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేదాన్ని. మైక్రోస్కోపు ముందు కూర్చుంటే నాకు ఆకలి కూడా తెలిసేది కాదు. కొన్నాళ్లు ఆగమంటే ఆగాను. ఆ కొన్నాళ్లు ఎప్పటికీ అవలేదు. ఇప్పుడు పాత ల్యాబువాళ్లే కబురు పెట్టారు, ఏ సంగతీ రేపటికల్లా చెప్పాలన్నారు. స్టవ్వుమీద పాలు పొంగిపోతున్నా నవ్వుతూ నిలబడ్డాను.

విషయాన్ని సాయంత్రం టీ దగ్గర సభ ముందుంచాను. మా ఆయన కప్పులోకి చూస్తూ ఉండిపోయారు. ఆయన అంతకన్నా ఎక్కువ ధైర్యం చేస్తారని నేనూ అనుకోలేదు.

"ఆడవాళ్లు పైకి రావాలని నేను చెప్పని సభ లేదమ్మా," అన్నారు మామగారు. "కానీ పగలంతా నువ్వు లేకపోతే ఈ పిల్లల్ని కనిపెట్టుకునేదెవరు? స్వేచ్ఛగా తిరిగే ప్రాణులు. ఇంటిపట్టున ఎవరో ఒకరుండాలి కదా!"

"మీరున్నారు కదా మామయ్యగారూ."

"నేనా? నాకు సవాలక్ష పనులు."

అసలే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. ఇప్పుడు పట్టడానికి ఇంట్లో రెండున్నాయి.

మర్నాడు పొద్దున మామగారు హాల్లో లేచి నిలబడి గొంతు సవరించుకున్నారు. "కోడలు ఉద్యోగానికి పోకుండా ఇంటిపట్టునే ఉండాలని ఏకగ్రీవంగా..."

వంటింటి తలుపు వెనక నాకు ఒళ్లు మండిపోయింది. ముందూ వెనకా చూడకుండా మడమెత్తి కొట్టాను. ధబ్!

తీర్మానం సగంలో ఆగిపోయింది. తర్వాత మామగారి గొంతు వెన్నలా కరిగి వినిపించింది. "ఏమైంది తల్లీ? ఏం కష్టమొచ్చింది? నాతో చెప్పవూ?" సోఫా కిందికి వంగి అడుగుతున్నారు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఆ మాట నన్నెవరూ అడగలేదు. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చేసింది.

కళ్లు తుడుచుకుని చూద్దును కదా, ఎదురుగా అత్తగారు. నా కాలివైపే చూస్తున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ ఒక్క కేక వేస్తే ల్యాబూ లేదు, ఏమీ లేదు.

ఆవిడ దగ్గరకొచ్చి, నా కాళ్లకింది గోనెపట్టాను పక్కకు లాగేశారు. "దీనిమీద సరిగ్గా మోగదే. నేలమీద కొట్టు," అన్నారు గుసగుసగా.

హాల్లో మామగారు సందేహంగా మళ్లీ మొదలుపెట్టారు. "కోడలు ఇంటిపట్టునే..."

ధబ్! గిన్నెలు కదిలాయి.

"పోనీ, వెళ్లనివ్వమంటారా?"

అత్తగారూ నేనూ ఊపిరి బిగబట్టాం. ఇల్లంతా నిశ్శబ్దం.

"పిల్లలకు అభ్యంతరం లేదు. తీర్మానం సవరించడమైనది," అన్నారు మామగారు.

నేను ఉద్యోగంలో చేరాను. అటుపైన ఇంట్లో అభ్యంతరాలు బాగా పెరిగాయని వినికిడి. మామగారు టీ తాగి మళ్లీ టీ అంటే స్టోర్‌రూములోంచి ధబ్. చెప్పాపెట్టకుండా స్నేహితుల్ని భోజనానికి పిలుస్తానంటే ధబ్. ఆ వేళప్పుడు కుందేళ్లు రెండూ వరండాలో వెల్లకిలా నిద్రపోతుంటాయన్నది వేరే విషయం. మామగారు ఇప్పుడు టీ తానే పెట్టుకుంటున్నారు. మూగజీవాల్లో ఇంత చైతన్యం తన శిక్షణ వల్లే వచ్చిందని వీధి సమావేశంలో గంభీరంగా ప్రసంగించారు కూడా.

ఆ ప్రసంగం అయ్యాక మా వీధి ఆడవాళ్లందరూ కుందేళ్లు కావాలన్నారు. అత్తలూ కోడళ్లూ ఒక్కమాట మీదికి రావడం మా వీధి చరిత్రలో అదే మొదలు. ఆడవాళ్లకు ఎంత జాలిగుండె అని మగవాళ్లు మురిసిపోయారు.

ఇంతకీ మీ ఇంట్లో ఈమధ్య ఎవరైనా కుందేళ్లను పెంచుకుందామన్నారా? అనే ఉంటారు. మీరే వినిపించుకుని ఉండరు.