ఆవకాయలో శని

ఆ శనివారం పొద్దున్న కనకలత వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆవకాయ పెట్టి మూడో రోజు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తమ తమ జాడీలతో తన పెరట్లోకి వస్తారు. ఒకసారి తిరగకలిపి, ఉప్పూ కారమూ చూసుకుని, మళ్ళీ జాడీ మూతికి వాసెన గుడ్డ కట్టుకుని వెళ్ళిపోతారు. ఎండెక్కేలోగా పని అయిపోతుంది. రాత్రి డ్యూటీ చేసొచ్చి లోపల నిద్రపోతున్న మొగుడికి మెలకువ కూడా రాదు.

ఎనభైల మొదట్లో భిలాయిలో, ఖుర్సీపార్ క్వార్టర్ల ఆ వరసలో, ఆవకాయ ఎవరికి వాళ్ళు పెట్టుకునే వస్తువు కాదు. చరోదాలో ఉండే రైల్వే గార్డు సత్యారావు విజయనగరం నుంచి బస్తాలతో కాయలు దింపేవాడు. అన్నీ ఒకే కత్తి కింద తెగి, ఒకే బేసినలో కలిసి, ఆ తర్వాతే జాడీల్లోకి విడిపోయేవి. కారం, ఆవపిండి ఘాటుకి వెనక వీధి వాళ్ళు తుమ్ముకుంటూ, "తెలుగు లోగ్ ఫిర్ షురూ హో గయే" అని, తెలుగువాళ్ళు మళ్ళీ మొదలెట్టారని నవ్వుకునేవాళ్ళు. సాయంత్రం స్టీలు ప్లాంటులో కరిగిన స్లాగు పోసినప్పుడు ఆకాశం ఎర్రబడేది. ఆ వారం మాత్రం నేల మీద పెరళ్ళు కూడా ఎర్రగానే ఉండేవి. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో నీళ్ళూరతాయి, కళ్ళలోనూ ఊరతాయి.

కనకలత భర్త సుబ్రహ్మణ్యం కోక్ ఓవెన్స్‌లో చార్జిమన్. అతనికి జీవితంలో ఉన్న కోరిక ఒక్కటే, జనరల్ షిఫ్టు. పొద్దున్న వెళ్ళి సాయంత్రం ఇంటికి రావాలి, కూతురు ఛాయ పక్కన కూర్చుని అన్నం తినాలి. వారానికో షిఫ్టు మారుతుంటే ఆ పిల్ల నాన్నని మెలకువగా చూసిన రోజులు తక్కువ. ఎవరు వచ్చి "నాన్న ఏడమ్మా?" అని అడిగినా, "పాపా సో రహే హై" అని గుమ్మంలోంచే పంపించేసేది. స్కూల్లో మీ నాన్న ఏం పని చేస్తారని అడిగితే నిద్రపోతారని చెప్పి వచ్చిందట. అది విన్న రోజున సుబ్రహ్మణ్యానికి అన్నం సయించలేదు.

షిఫ్టు మార్చాల్సినవాడు పై అధికారి రామమోహనరావు. ఎప్పుడు అడిగినా "చూద్దాం" అనే ఆయన, శుక్రవారం రాత్రి మాత్రం గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "నీకు శని బాగోలేదయ్యా. నా దగ్గర మంచి నీలం ఉంది. నీలాన్ని ఊరికే పెట్టుకోకూడదు, ముందు కొన్నాళ్ళు ఇంట్లో ఉంచుకుని పరీక్ష చెయ్యాలి. తీసుకెళ్ళు. జాగ్రత్త సుమా, నీ షిఫ్టు సంగతి తర్వాత మాట్లాడదాం" అన్నాడు. శనగగింజంత నీలం రాయిని కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. వద్దంటే షిఫ్టు వద్దన్నట్టే. సుబ్రహ్మణ్యం దాన్ని తెల్లారి ఇంటికి తెచ్చి తల్లి అప్పలనర్సమ్మ చేతిలో పెట్టి, పక్క మీద వాలిపోయాడు.

రాళ్ళ సంగతి అప్పలనర్సమ్మకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, కనీసం ఆవిడ లెక్కలో. ఒకరు పెట్టుకున్న రాయిని ఇంకొకరు ముట్టుకునే ముందు రాళ్ళుప్పులో పాతిపెట్టాలి. పాత మనిషి దోషాన్ని ఉప్పు లాగేస్తుంది. అయితే ఆ సంగతి తీసేదాకా ఎవరికీ చెప్పకూడదు, చెబితే ఆ దోషం చెప్పినవాళ్ళ నాలుక మీదికి ఎక్కుతుంది. కాబట్టి ఆవిడ రాయిని వంటింట్లో ఉప్పు జాడీ అడుగున పాతి, పెదవి విప్పకుండా, నువ్వులనూనె దీపం పెట్టడానికి గుడికి వెళ్ళిపోయింది.

పెరట్లో నలుగురు ఆడవాళ్ళూ జాడీలు విప్పారు. పక్కింటి అహల్య ముందు రుచి చూసింది.

"వదినా, ఉప్పు చాల్లేదు. ఇలాగుంటే శ్రావణానికే బూజు పట్టీస్తాది."

"నాదీ అంతే" అంది చివరింటి అప్పయమ్మ.

చరోదా రైల్వే కాలనీ నుంచి వచ్చిన కనకరత్నం, సత్యారావు భార్య, వేలు చప్పరించి తల ఊపింది. ఆవకాయకు రాళ్ళుప్పే పడాలి, ఆ వరసలో రాళ్ళుప్పు ఉన్నది కనకలత ఇంట్లోనే. అత్తగారు నౌపడా నుంచి తెప్పించిన ఉప్పు అది. కనకలత జాడీ తెచ్చింది. తెచ్చింది గానీ ఎవరికీ చేత్తో ఇవ్వలేదు. ఉప్పు చేతికిస్తే తగువులు వస్తాయి. జాడీని గట్టు మీద పెట్టి పక్కకు జరిగింది. ఎవరికి వాళ్ళు చెయ్యి పెట్టి, దోసెడేసి తీసుకుని, తమ జాడీల్లో వేసుకుని కలిపేసుకున్నారు. చివరికి మిగిలింది తను తీసుకుంది. నవ్వుకుంటూ వాసెన్లు కట్టుకున్నారు. పథకం ప్రకారం ఎండెక్కేలోగా పని అయిపోయింది.

గుడి నుంచి వచ్చిన అప్పలనర్సమ్మ వంటింట్లోకి వెళ్ళి, జాడీలో చెయ్యి పెట్టి, అలాగే ఉండిపోయింది.

"ఒసే కనకా! ఇందులో ఉప్పేదే?"

"ఆవకాయలో వేసీసేం అత్తా. నలుగురం పంచుకున్నాం. ఏటి, అలాగైపోతన్నావు?"

చెబితే నాలుకకు దోషం, చెప్పకపోతే కొడుకు షిఫ్టుకు దోషం. ఆవిడ కాసేపు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆలోచించి, కొడుకు వైపే మొగ్గింది. "అందులో శని ఉన్నాడే తల్లీ!" అంటూ కూలబడిపోయింది.

సుబ్రహ్మణ్యాన్ని నిద్ర లేపారు. విషయం విని అతను మొదట నవ్వాడు, తర్వాత రామమోహనరావు మొహం గుర్తొచ్చి నవ్వు మానేశాడు. "మన జాడీలో చూసేవా?" అని అడిగాడు భార్యని.

"నా చేత్తో నేను ఏసుకున్నాను. రాయి తగిల్తే నాకు తెలీదేటండీ?" అని కనకలత కోపం తెచ్చుకుంది. దాంతో ఆ జాడీ జోలికి ఎవరూ వెళ్ళలేదు.

రహస్యంగా వెతుకుదామని ముందు అహల్య ఇంటికి వెళ్ళారు. రహస్యం ఆ గుమ్మం దగ్గరే అయిపోయింది.

"అదా సంగతి! మా ఆయన స్కూటరు పొద్దున్నించి స్టార్టవటం లేదు వదినా. తోసుకుంటూ పోయేరు పాపం. మీ శనిని మా ఇంటికి పంపీసి మీరు సుఖంగా ఉందామనేటి?"

అహల్య మొగుడు శ్యామసుందర్ స్కూటరు కొన్ననాటి నుంచీ తోస్తే తప్ప కదిలింది లేదు. ఆ మాట ఎవరూ అనలేదు. అహల్య తన జాడీని కనకలత గుమ్మంలో దించి, కాళ్ళు కడుక్కుని వెళ్ళింది.

కబురు చరోదా దాకా పాకింది. కనకరత్నం రిక్షాలో వచ్చింది, ఒళ్ళో జాడీ, జాడీ మీద తుండుగుడ్డ. "మాకిలాంటి నమ్మకాల్లేవు కనకలత గారూ. మమ్మల్ని ప్రభువే చూసుకుంటాడు. కానీ మా వంటింట్లో చోటు చాలటం లేదు. ఇది మీ దగ్గరుంచండి" అంది. ఆ వంటింట్లో నిన్నటిదాకా చోటు బాగానే చాలింది.

అప్పయమ్మ మాత్రం జాడీ ఇవ్వనంది. ఆ మధ్యాహ్నమే ఆమె భర్త గణపతిరావు వచ్చి, ఎన్నేళ్ళుగానో ఎదురుచూస్తున్న గ్యాసు కనెక్షను మంజూరైందని చెప్పాడు. "నీలం కలిసొస్తే రాజయోగమంట. మాకు కలిసొచ్చింది. నా జాడీ మీద చెయ్యెయ్యనిచ్చేది లేదు" అని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అది మా సార్ రాయి పిన్నీ!" అన్నాడు సుబ్రహ్మణ్యం.

"మీ సార్‌కి బొగ్గుల పొయ్యి లేదు బాబూ. నాకుంది."

కనకలతా అప్పయమ్మా పదేళ్ళుగా ఒకే బేసినలో ఆవకాయ కలిపినవాళ్ళు. ఆ సాయంత్రం ఒకరినొకరు అనగూడని మాటలు అనుకుని తలుపులు వేసుకున్నారు. కనకలత లోపలికొచ్చి ఏడ్చింది. అప్పలనర్సమ్మకు మాత్రం ఒకటే ఆశ్చర్యం. "ఉప్పు చేతికివ్వకండానే తగువొచ్చీసింది, సూసేవా" అంది.

ఇంకా ఆశ చావని సుబ్రహ్మణ్యం, వచ్చిపడ్డ రెండు జాడీలూ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. గరిటెతో కెలికితే టెంకేదో రాయేదో తెలియదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా ఆవకాయలోకి దించాడు. అడుగు దాకా వేళ్ళతో తడిమాడు. టెంకలు తగిలాయి, మెంతులు తగిలాయి, నీలం తగల్లేదు. అప్పయమ్మ జాడీలోనే ఉందని అందరూ తీర్మానించారు. అప్పటికి అతని చెయ్యి మిరపపండు రంగుకు వచ్చి భగభగ మండుతోంది.

ఆ మంటతోనే డ్యూటీకి వెళ్ళాడు. తోటివాళ్ళు చెయ్యి చూసి, కాలిందనుకుని, వద్దంటున్నా వినకుండా ఫస్ట్ ఎయిడ్‌కు మోసుకుపోయారు. "ఎలా కాలింది?" అని అడిగితే, సార్ రాయి ఆవకాయలో పోయిందని చెప్పలేక, "వేడి తగిలింది" అన్నాడు. అది అబద్ధం కూడా కాదు. వాళ్ళు మోచేతి దాకా ఆయింట్‌మెంటు పూసి కట్టు కట్టి ఇంటికి పంపించేశారు. తన షాపులో ఏనాడూ ప్రమాదం జరగలేదని మురిసిపోయే రామమోహనరావుకు పొద్దున్నే ఈ వార్త అందింది. బత్తాయిల సంచీ పట్టుకుని, ఆదివారం భోజనాల వేళకు ఆయనే ఖుర్సీపార్‌కు వచ్చేశాడు.

గుమ్మంలో ఛాయ ఎదురైంది. "పాపా సో రహే హై" అంది. తర్వాత కాస్త ఆలోచించి, "నహీ, రో రహే హై" అని, ఏడుస్తున్నాడని సరిదిద్దింది.

రామమోహనరావు లోపలికొచ్చి, మంచం పక్కన కూర్చుని, కట్టు వైపు జాలిగా వంగాడు. వంగి, వాసన చూశాడు. "ఇదేమిటయ్యా, ఆవకాయ వాసనేస్తోంది?"

ఇక దాచి లాభం లేదు. సుబ్రహ్మణ్యం మొత్తం చెప్పేశాడు. "రాయి పోయింది సార్. జనరల్ షిఫ్టు నాకు రాసిపెట్టి లేదు. నా కూతురితో కూచుని ముద్ద తినే రాత నాకు లేదు" అన్నాడు.

రామమోహనరావు కట్టు మీంచి తలెత్తాడు. తర్వాత ఆయన మొహం మెల్లగా వెలిగింది.

"నిజంగా పోయిందా?"

"పోయింది సార్."

"మళ్ళీ దొరకదు కదా?"

ఇంట్లోవాళ్ళంతా మొహమొహాలు చూసుకున్నారు. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "అది మా మావగారిచ్చిన రాయయ్యా. అది పెట్టుకున్న దగ్గర్నించీ ఏడాదికో పన్ను ఊడిపోతోంది. నీలాన్ని అమ్మకూడదు, పారెయ్యకూడదు, దానంతటదే పోవాలంటారు. ఎవరికైనా పరీక్షకని ఇస్తే వాళ్ళ దగ్గర పోతుందేమోనని..."

"అంటే సార్, నా పళ్ళు ఊడాలనా?"

"నువ్వు చిన్నవాడివి కదయ్యా, తట్టుకుంటావు" అని, ఆయన సంతోషం పట్టలేక ఆ మంచం మీద ఒక్క చరుపు చరిచాడు. "రేపట్నించి నీకు జనరల్ షిఫ్టే. నా మాట!"

అప్పలనర్సమ్మ ఆయన్ని భోంచెయ్యనిదే కదలనివ్వనంది. సుబ్రహ్మణ్యం చెయ్యి పెట్టిన ఆవకాయ అతిథికి వడ్డించలేక, కనకలత ఎవరూ ముట్టని తన జాడీకే వాసెన విప్పింది. వేడన్నం, నూనె, ఎర్రటి ఆవకాయ. రామమోహనరావు ఆనందంగా కలుపుకుని పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

టక్కుమంది.

ఆయన నమలడం ఆపాడు. నోట్లోంచి ముందు ఒక పన్ను తీసి కంచం అంచున పెట్టాడు. తర్వాత ఇంకోటి తీశాడు. దాని మీద పిండి తుడిస్తే, నీలంగా మెరిసింది. అహల్య స్కూటరుకీ, అప్పయమ్మ గ్యాసుకీ ఈ రాయికీ ఏ సంబంధమూ లేదని ఆ క్షణాన అందరికీ అర్థమైంది. రామమోహనరావు రాయిని చూశాడు, సుబ్రహ్మణ్యాన్ని చూశాడు, మళ్ళీ రాయిని చూశాడు. మెల్లగా దాన్ని టెంకల పక్కకు తోశాడు.

"టెంక... బాగా ముదిరిందమ్మా" అన్నాడు పన్ను లేని నోటితో.

"అవును సార్, టెంకే" అన్నాడు సుబ్రహ్మణ్యం వెంటనే.

"టెంకే బాబూ, నాను సూస్తన్నాను గదా" అంది అప్పలనర్సమ్మ. కనకలత కంచం ఎత్తి, పెరట్లో గోడ మూల గుంట తీసి, టెంకలన్నీ కలిపి కప్పెట్టింది. చేతులు కడుక్కుని నేరుగా చివరింటికి వెళ్ళి తలుపు కొట్టింది. అప్పయమ్మ తలుపు తీసిందో లేదో, ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడ్చారు.

మర్నాడు సాయంత్రం ప్లాంటు సైరను మోగిన కాసేపటికి సుబ్రహ్మణ్యం సైకిలు గుమ్మంలో ఆగింది. "పాపా జాగ్ రహే హై!" అని, నాన్న మేలుకునే ఉన్నాడని ఛాయ వీధి వీధంతా వినిపించేలా అరిచింది. ఆ రాత్రి ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

ఉప్పులో ఊరిన టెంక మొలకెత్తదని అందరికీ తెలుసు. అయినా ఆ క్వార్టరు ఖాళీ చేసేదాకా సుబ్రహ్మణ్యం రోజూ డ్యూటీకి వెళ్ళేముందు పెరటి గోడ మూలకు ఒకసారి వెళ్ళి, ఏమీ మొలవలేదని చూసుకుని, నాలికతో పళ్ళన్నీ తడుముకుని వచ్చేవాడు.