పుస్తకం ప్రకారం చలి

మీ పిల్లలు చదివే బడిలో గదులు వెచ్చగా ఉంటాయా? అయితే ఇవాళే బడి మార్చెయ్యండి! వెచ్చని గదిలో కూర్చుని బాగుపడిన బుర్ర ఒక్కటీ లేదని రెండు శీతాకాలాల పరిశోధన చేసి మరీ చెబుతున్నాను. పరిశోధన జరిగింది ఒక ఆరు గదుల బడిలో. పరికరం ఒక బాయిలర్. దాన్ని డిజైన్ చేసిన మహానుభావుణ్ణి నేనే.

బాయిలర్ అంటే ఏ గ్యాసుదో కరెంటుదో అనుకునేరు. స్విచ్ నొక్కితే వచ్చే వెచ్చదనం నాకు సరిపడదు. ఇది చెక్క ముక్కలతో నడుస్తుంది. రంపపు మిల్లులో మిగిలిన చెక్కని అగ్గిపెట్టెలంత ముక్కలుగా కొట్టించి బడి వెనక షెడ్డులో పోస్తారు. ఒక మర వాటిని మెల్లిగా పొయ్యిలోకి తోస్తుంది. పొయ్యి నీళ్ళని కాస్తుంది. ఆ నీళ్ళు గొట్టాల్లో గదిగదికీ తిరిగి గోడవార ఉన్న ఇనప పలకల్ని, అంటే రేడియేటర్లని, వేడి చేస్తాయి. అది కాగితం మీద సంగతి. ఆ కాగితం మీద ఎంత వెచ్చగా ఉంటుందో మీకు చెప్పలేను!

మొదటి రెండు శీతాకాలాలూ గదులు మాత్రం చల్లగానే ఉన్నాయి. దాంతో ఎన్ని లాభాలు కలిగాయో చూడండి. తరగతిలో ఒక్క పిల్లా నిద్రపోలేదు. వణికే మనిషి నిద్రపోగలడా? చేతులకి కదలిక కావాలి కాబట్టి పిల్లలు పేజీలకి పేజీలు రాసిపారేశారు. చేతి తొడుగులు పోగొట్టుకున్నామన్న ఫిర్యాదు లేదు, ఎందుకంటే ఎవరూ వాటిని విప్పలేదు. వెనక బెంచీలో కబుర్లు చెప్పుకునేది ఎవరో కనిపెట్టడం టీచర్లకి చిటికెలో పని అయిపోయింది. ఎవరి నోట్లోంచి ఆవిరి వస్తోందో చూస్తే చాలు! తనిఖీకి వచ్చిన అధికారి పది నిమిషాల్లో అంతా బ్రహ్మాండంగా ఉందని రాసి కారెక్కేశాడు. ఆటల పీరియడుకి హాజరు నూటికి నూరు, బయట ఎండ ఉంటుంది కదా మరి.

ఇన్ని ఉపకారాలు చేసిన బాయిలర్‌ని మా ఆవిడ ఒక్కతే మెచ్చుకోలేదు. ఆవిడ అదే బడిలో మూడో తరగతి టీచరు. మూడో తరగతి గది వరండా చివరిది, అంటే వేడినీళ్ళు అన్ని గదులూ తిరిగి, ఉన్న వేడంతా పోగొట్టుకుని, మొహం చూపించి వెళ్ళే గది. సాయంత్రం ఇంటికొచ్చి కోటు విప్పకుండానే నా ఎదురుగా కూర్చునేది.

"ఏమండీ, ఆ బాయిలర్ ఎంత పెద్దది?" అని ఒకరోజు అడిగింది.

"చాలా పెద్దది," అన్నాను గర్వంగా.

"మరి ఎందుకు వెచ్చగా లేదు?"

ఇంజనీరు కాని వాళ్ళతో ఇదే చిక్కు. సూటిగా అడుగుతారు.

అంత పెద్దది ఎలా అయిందో చెప్పాలి. లెక్క ప్రకారం ఆ బడికి కావలసిన బాయిలర్ ఒక మోస్తరుది. బడి కట్టించిన ఆర్కిటెక్టు ఎందుకైనా మంచిదని లెక్క మీద కాస్త కలిపి నాకు పంపాడు. నేను భద్రత కోసం ఇంకాస్త కలిపాను. మరో రెండు గదులు కడతామని బడి కమిటీ అంది, వాటికీ కలిపాను. ఆ గదులు ఇప్పటికీ కట్టలేదు. మా ఆవిడకి చలి ఎక్కువని, ప్రేమకొద్దీ ఇంకో పది శాతం కలిపాను. కంపెనీ వాడి దగ్గర ఆ సైజు లేకపోతే దాని పైసైజు పంపాడు. వెరసి ఆరు గదుల బడికి ఆసుపత్రికి సరిపడే బాయిలర్ వచ్చి కూర్చుంది. దించుతున్నప్పుడు షెడ్డు తలుపు పట్టకపోతే గోడ కొట్టించాం. అప్పుడైనా నాకు అనుమానం రావాలి కదా? రాలేదు. ఫొటో దిగాను.

పెద్ద పొయ్యిలో చిన్న మంట పెడితే అది మండదు, రాజుకుంటూ ఉంటుంది. చెక్క కాలకుండా పొగవుతుంది. ఆ పొగ బాయిలర్‌లోని పొగగొట్టాల లోపల తారులా పట్టేసి, ఉన్న కాస్త వేడినీ నీళ్ళకి చేరనివ్వదు. ఇదంతా నాకు తెలుసు. కాలేజీలో ఇదే ప్రశ్నకి మంచి మార్కులు కూడా వచ్చాయి. అయినా తప్పు ముందు చెక్క మీద వేశాను, తడిగా ఉందన్నాను. తర్వాత కిటికీల మీద. ఆ తర్వాత పిల్లల మీద. తలుపు తెరుచుకుని లోపలికి వచ్చే చెడ్డ అలవాటు వాళ్ళకి ఉంది. ఇవన్నీ కలిపి ఒక ఉత్తరం రాస్తే కమిటీ నాకు కృతజ్ఞతలు కూడా చెప్పింది.

మూడో శీతాకాలం మొదలయ్యాక ఒక వింత జరిగింది. బడి వెచ్చబడింది! మా ఆవిడ కోటు భుజాన వేసుకుని ఇంటికి వచ్చింది. యంత్రం కుదురుకోవడానికి రెండేళ్ళు పడుతుందని నేను అందరికీ వివరించాను. వార్షికోత్సవంలో మైకు పట్టుకుని మరీ వివరించాను. చప్పట్లు కొట్టారు. వరండా చివర నిలబడి కొట్టినవాళ్ళలో ఆ బాయిలర్ నడిపే మనిషి కూడా ఉంది. బడిలో అందరూ ఆవిడని బాయిలరక్క అంటారు. చేతులకి ఎప్పుడూ మసి, వేళ్ళ మధ్య ఎప్పుడూ ఒక చెక్క ముక్క. అది తడిదో పొడిదో నలిపి చూస్తూ ఉంటుంది.

తర్వాత నెలలో ఏటా చేసే పరీక్షకి వెళ్ళి పొయ్యి తలుపు తెరిచాను. లోపల ఇటుకలు! వేడికి తట్టుకునే ఇటుకలు ఇరవై రెండు, పొయ్యిలో సగం మేర వరసగా పేర్చి ఉన్నాయి. నేను అంత శ్రద్ధగా పెద్దది చేసిన పొయ్యిని ఎవరో సగానికి మూసేశారు!

"నేనే పెట్టాను సార్," అంది బాయిలరక్క. "పొయ్యి పెద్దది, బడి చిన్నది. సగం మూస్తే మంట గట్టిగా మండుతోంది. పొద్దున మూడు గంటలు బాగా మండించి ట్యాంకు నిండా నీళ్ళు కాచి ఆపేస్తాను. మధ్యాహ్నం ఇంకో గంట. ఇప్పుడు పొగగొట్టాలకి తారు పట్టడం లేదు చూడండి."

"మంట రోజంతా ఆరకుండా సన్నగా ఉండాలని, బాయిలర్ ఎలా నడపాలో చెప్పే పుస్తకంలో రాసిచ్చాను కదా?"

"రెండేళ్ళు అలాగే నడిపాను సార్. పిల్లలు గడగడలాడిపోయారు."

పొయ్యి అంత పెద్దదిగా చేసింది భద్రత కోసమని ఓపిగ్గా చెప్పాను. ఆవిడ వేళ్ళ మధ్య ముక్కని ఓసారి నలిపింది.

"ఎవరి భద్రతకి సార్?"

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. జవాబు తెలియని మర్యాదస్థుడు ఏం చేస్తాడు? రిపోర్టు రాస్తాడు. పద్నాలుగు పేజీలు రాశాను. అనుమతి లేకుండా ఇటుకలు పేర్చారు, పుస్తకం ప్రకారం నడపలేదు, కాబట్టి ఈ ఆపరేటర్‌ని తొలగించి శిక్షణ ఉన్నవాళ్ళని పెట్టుకోవాలి అని చివరి పేజీలో రాసి కింద గీత కూడా గీశాను. శుక్రవారం కమిటీ కూర్చుని తేల్చాలి. ఆవిడ ఇల్లు గడిచేది ఆ ఉద్యోగం మీదే అని నాకు తెలుసు. తెలిసే రాశాను. నా పొయ్యిలో ఇంకొకరి ఇటుక ఉండటం నాకు అంత అవమానంగా తోచింది.

ఆ వారమే వాళ్ళమ్మాయి కాన్పని ఆవిడ నాలుగు రోజులు సెలవు పెట్టింది. బాయిలర్ నడపడానికి ఇంకెవరూ లేరు. నేనున్నాను కదా అన్నాను! పుస్తకం రాసినవాడి కన్నా బాగా నడిపేవాడు ఎవడుంటాడు?

సోమవారం ఇటుకలు తీసి పక్కన పెట్టి, మంట సన్నగా పెట్టి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. మంగళవారానికి గదులు చల్లబడ్డాయి. పుస్తకం ఇంకోసారి చదివాను. బుధవారం పొగ వెనక్కి తన్ని వరండాలోకి వచ్చింది, దగ్గుకుంటూ అందరూ మైదానంలోకి పరుగెత్తారు. నేను ఆరో పేజీ దగ్గర వేలు పెట్టి, వాళ్ళ వెనకాలే పరుగెత్తాను. హెడ్మిస్ట్రెస్ గారు నా మొహానికి అంటిన మసి తుడుచుకోమని రుమాలు ఇచ్చారు.

గురువారం మా ఆవిడ బాయిలర్ గదిలోకి వచ్చింది. చేత్తో ఒక చిన్న పిల్లని పట్టుకుని వచ్చింది. ఆ పిల్ల వేళ్ళు కొంకర్లు పోయి పెన్సిల్ పట్టుకోలేకపోతోంది.

"బడి మొత్తం మీద వెచ్చగా ఉన్నది మీరు కూర్చున్న గది ఒక్కటే," అంది మా ఆవిడ.

ఆ పిల్ల నా బాయిలర్ వైపు చేతులు చాచి నిలబడింది. నన్ను చూసి థాంక్స్ కూడా చెప్పింది. పాఠకులారా, చలి వల్ల లాభాలని ఇందాక మీకు అన్ని చెప్పాను కదా? ఆ క్షణంలో ఒక్కటీ గుర్తు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

వాళ్ళు వెళ్ళాక ఇటుకలు మళ్ళీ పేర్చబోయాను. ఎలా పేర్చినా రెండు మిగిలిపోతున్నాయి. వేరే దారి లేక బాయిలరక్కకి ఫోన్ చేశాను. వెనకనుంచి పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది.

"మనవరాలు పుట్టింది సార్!" అంది.

"చాలా సంతోషం. మొదటి ఇటుక ఎక్కడ పెట్టాలి?"

"మూల విరిగినది ఒకటుంటుంది, అది ఎడమ పక్క గోడకి ఆనించండి. మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి." తన ఉద్యోగం పీకెయ్యమని రాసినవాడికి చెబుతున్నా, ఆ మాటల్లో ఒక్క మెలిక లేదు. పొడి ముక్కలు గుమ్మం పక్కన బస్తాలో ఉన్నాయని, ముందు అవి వెయ్యమని కూడా చెప్పింది. గంటన్నరలో మూడో తరగతి రేడియేటర్ మీద చెయ్యి పెట్టలేకపోయాను.

శుక్రవారం కమిటీ ముందు నిలబడ్డాను. నా పద్నాలుగు పేజీలూ తప్పన్నాను. బాయిలర్ సైజు తప్పు, పుస్తకం తప్పు, రెండేళ్ళు పిల్లలు వణకడానికి కారణం నేను, బడి వెచ్చబడటానికి కారణం ఈవిడ అని బాయిలరక్కని చూపించాను. ఇక నా లైసెన్సు లాక్కుంటారని, రాళ్ళు రువ్వుతారని సిద్ధపడ్డాను.

అధ్యక్షుడు గారు లేచి నా చెయ్యి పట్టుకున్నారు. "ఎంత పెద్ద మనసండీ మీది! కింది ఉద్యోగిని కాపాడటానికి తప్పు మీ మీద వేసుకున్నారు!" అన్నారు. హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళు ఒత్తుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. కాదు బాబోయ్, నిజంగానే తప్పు నాదే అని మొత్తుకుంటే ఇంకా గట్టిగా కొట్టారు. సమావేశం మినిట్స్‌లో నా వినయం గురించి నాలుగు వాక్యాలు రాశారు. బాయిలరక్క గురించి ఒకటే వాక్యం. ఇంజనీరు గారి దయ వల్ల ఈసారికి ఉద్యోగంలో ఉంచుతున్నాం, ఇకనుంచి పొల్లుపోకుండా పుస్తకం ప్రకారమే నడపాలి, లేకపోతే ఆ రోజే తీసేస్తాం అని.

బయటికి వచ్చాక బాయిలరక్క నన్ను ఆపింది. ఆవిడకి కోపం రావడం నేను చూసింది అదే మొదటిసారి.

"ఇప్పుడేం చెయ్యమంటారు సార్? పుస్తకం ప్రకారం నడిపితే పిల్లలు గడ్డకట్టుకుపోతారు. నడపకపోతే నా ఉద్యోగం పోతుంది."

అందుకని శని, ఆదివారాలు బాయిలర్ గదిలో కూర్చుని కొత్త పుస్తకం రాశాం. అంటే ఆవిడ చెప్పింది, నేను రాశాను. ఎన్ని ఇటుకలు, ఏ మూల, ఎప్పుడు వెలిగించాలి, ఎప్పుడు ఆపాలి, ముక్క వేళ్ళ మధ్య నలిపితే ఎలా ఉండాలి. నేను మధ్యలో రెండు పెద్ద మాటలు దూర్చబోతే కొట్టించేసింది. మొత్తం తొమ్మిది పేజీలే వచ్చింది. నేను ఇన్నేళ్ళలో రాసినవాటిలో పనికొచ్చే పుస్తకం ఇదొక్కటే, ఇందులో నాది చేతిరాత మాత్రమే.

కవరు మీద ఆవిడ పేరు వేసి సోమవారం కమిటీకి ఇచ్చాను. సాయంత్రానికి తిరిగొచ్చింది. ఆపరేటర్ రాసిన పుస్తకం ప్రకారం ఆపరేటర్ నడిపితే ఇక క్రమశిక్షణ ఏముంటుందని అధ్యక్షుడు గారి సందేహం. అర్హత ఉన్నవాళ్ళ పేరు వెయ్యండి, వెంటనే ఆమోదిస్తాం అన్నారు.

మర్నాడు పొద్దున్నే బాయిలరక్కని అడిగాను. "మీ పేరే వేసెయ్యండి సార్, పిల్లలు బడికొచ్చే వేళయింది," అని పొయ్యి తలుపు తెరిచింది.

వేశాను.