మూడుంబావు మంది

ఓబులేసుకు పెరిగిన జీతం పొరుగు రాష్ట్రంలో మూడుంబావు మంది బతకడానికే సరిపోతుందని సరిహద్దులోని బతుకు కాటా తేల్చింది. కాటా మీద నిలబడ్డది నలుగురు. ఇలాంటివి రోజూ ఉండేవే కాబట్టి గుమాస్తా తల కూడా ఎత్తలేదు. "ముప్పావు మనిషి ఎక్కువున్నారు. పక్కకొచ్చి తేల్చుకోండి, వెనక బండి ఆగిపోయింది," అన్నాడు.

ఓబులేసు జమ్మలమడుగులో ఒక టైల్స్ కంపెనీ గోడౌన్‌కు స్టోర్ కీపరు. కంపెనీ అతన్ని పొరుగు రాష్ట్రపు రాజధానికి బదిలీ చేసి, జీతం ఒకటిన్నర రెట్లు చేసింది. వీధిలో అందరికీ మైసూర్‌పాకు పంచాడు. పెరుగుట విరుగుట కొరకే అని పెద్దలు చెప్పకపోలేదు, కానీ నోట్లో మైసూర్‌పాకు ఉన్నప్పుడు అలాంటివి ఎవరికి గుర్తొస్తాయి? పాత జీతంతో జమ్మలమడుగులో నలుగురూ బతికారు, ఎండాకాలంలో దిగబడే చుట్టాలు బతికారు, పెరట్లో ఒక పిల్లి కూడా బతికింది. అక్కడ ఎవరూ కాటా వెయ్యలేదు గనక ఎలా బతికారో ఎవరికీ తెలియదు.

కాటా అంటే పత్తి లారీలను తూచేలాంటిదే. ఇంటిల్లిపాదీ ఇనుప పలక మీద నిలబడాలి. ఇంటి యజమాని జీతం కాగితాన్ని అందరికీ కనబడేలా పట్టుకోవాలి. గుమాస్తా లోపల కూర్చుని, వాళ్ళు వెళ్ళబోయే ఊళ్ళో ఇంటద్దె, పాలు, బడి ఫీజు, బస్సు చార్జీ ఒక్కొక్కటే నొక్కుతాడు. నొక్కినకొద్దీ ముల్లు వెనక్కి వస్తుంది. అది ఆగిన చోట ఏ అంకె ఉంటే ఆ జీతానికి అంతమందే మనుషులు. పైన బోర్డు మీద 'పిండి కొద్దీ రొట్టె' అని రెండు భాషల్లోనూ రాయించారు. మిగిలిన మనిషిని ఏం చేసుకోవాలన్నది కుటుంబం ఇష్టం. ప్రభుత్వం ఎవరి ఇంటి విషయాల్లోనూ తల దూర్చదు.

దారులు లేకపోలేదు. మిగులు మనిషిని కార్యాలయం వెనక గోడౌన్‌లో వదిలి వెళ్ళొచ్చు. అక్కడ చెమ్మ లేదు, ఎలుకలు లేవు. అది ఇష్టం లేకపోతే వంతులు వేసుకోవచ్చు. వీళ్ళకంటే ముందు తూగిన ఒక మాస్టారు దంపతులు అదే చేశారు. ఆయన బతికిన రోజు ఆమె బతకదు, ఆమె బతికిన రోజు ఆయన బతకడు. ఆదివారం ఎవరిదన్న దగ్గర కొంచెం మాటా మాటా పెరిగింది గానీ, చివరకు ఇద్దరూ ఆదివారాన్ని వదిలేసుకున్నారు.

ఓబులేసు భార్య సుబ్బరత్న పిల్లల వంక చూసింది. కూతురు హిమజ ఇంటర్, కొడుకు ఏడో తరగతి. వంతులు వేసుకుంటే, పరీక్ష రోజు పిల్ల బతికే రోజు కాకపోతే ఎలా? పోనీ ఓబులేసు తన వంతు వదులుకుందామంటే జీతం తెచ్చేది అతను. అతను బతకని రోజుకు జీతం కోస్తారు, జీతం కోస్తే ముల్లు ఇంకా కిందికి పోతుంది. ఎటు తిప్పినా లెక్క సుబ్బరత్న దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఆ సంగతి నలుగురికీ తెలుసు.

"ఒక్కొక్కరూ మీ బతుక్కి ఏమేం కావాలో చెప్పండి, తగ్గించేదేమైనా ఉందేమో చూద్దాం," అన్నాడు గుమాస్తా. మనిషి మంచివాడే. ఓబులేసు బైకుకు పెట్రోలు, బీపీ మాత్రలు, రెండు పూటలా టీ చెప్పాడు. హిమజ కోచింగ్ చెప్పి, కొంచెం ఆగి ఫోను చెప్పింది. పిల్లాడు బూట్లన్నాడు. తన వంతు రాగానే సుబ్బరత్న సిగ్గుపడిపోయింది. చీరల కొట్లో అయినా, ఆస్పత్రిలో అయినా, పెళ్ళిపందిట్లో అయినా, నీకేం కావాలని ఎవరడిగినా మన ఆడవాళ్ళ నోట ముందుగా దొర్లే మాట ఒకటుంది. అలవాటు కొద్దీ అదే అనేసింది.

"నాకేముంటాది సార్ ఖర్చు? వీళ్ళు తినంగా మిగిలింది తింటా. నాకేమొద్దు."

గుమాస్తా మొదటిసారి తలెత్తాడు. "ఏమీ వద్దా?"

"ఏమొద్దు సార్."

ఆమె పేరుకు ఎదురుగా సున్నా పడింది. దాంతో చిక్కంతా విడిపోయింది. ఆ రాష్ట్రంలో ఖర్చు లేనివాళ్ళు బతుకుతున్నట్టు లెక్కలోకి రారు. అలాగని వెనక్కీ పంపరు. మిక్సీ, గ్రైండరు, గ్యాసు పొయ్యిలతో పాటు ఇంటి సామాను కింద దాటిస్తారు. గుమాస్తా ఓబులేసుకు పెన్ను అందించి, "భయపడకండి, ఆమె పని మామూలుగానే చేస్తుంది. పని బతుకు కిందికి రాదు. ఆకలి, నిద్ర, జ్వరం, నవ్వు, పండగ, ఇవే బతుకు," అని వివరంగా చెప్పాడు. ఓబులేసు సంతకం పెట్టాడు.

ఇక బతికేవాళ్ళు ముగ్గురే కాబట్టి జీతంలో పావు మనిషి బతుకు మిగిలింది. కావాలంటే దాన్ని సుబ్బరత్న పేర రాయించుకోవచ్చని, రోజుకు ఆరు గంటలు ఆమె మనిషిగా ఉండొచ్చని గుమాస్తా అన్నాడు. ఓబులేసు నోరు తెరిచేలోపే, "పాప కోచింగుకు రాసేయండి సార్," అంది ఆమె. ఓబులేసుకు గుండె మీది బరువు దిగినట్టయింది. దిగినందుకు వెంటనే సిగ్గేసింది. లారీ ఎక్కేటప్పుడు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"జీతం ఇంకొంచెం పెరగనీ రత్నా. మొట్టమొదట నిన్నే మనిషిగా రాయిస్తా. ఒట్టు."

"ముందు ఆ గ్రైండర్ మీద కాలు తియ్యి మామా, పగిలిపోతాది," అంది సుబ్బరత్న. ఓబులేసు ఆమెకు వరసకు మేనమామ. పెళ్ళికి ముందూ ఆ పిలుపే, తర్వాతా ఆ పిలుపే.

రాజధానిలో వాళ్ళకు మూడో అంతస్తులో ఇల్లు దొరికింది. తలుపు తలుపుకూ బతికేవాళ్ళు ఎంతమందో రాసిన రేకు కొట్టి ఉంటుంది. నీళ్ళూ లిఫ్టూ ఆ లెక్క ప్రకారమే. సామాను మెట్ల మీదుగా పోవాలి. పొద్దున్నే పాలకూ కూరలకూ సుబ్బరత్న మెట్లు దిగుతుంటే మిగతా ఇళ్ళ సామాను కూడా ఇంటికొకరు చొప్పున ఎదురయ్యేవారు. మొదట్లో ఒకరినొకరు పలకరించుకోబోయారు. సామానూ సామానూ మాట్లాడుకోవడమేమిటన్నట్టు వాచ్‌మన్ వింతగా చూశాడు. మానుకున్నారు.

వాళ్ళు తినగా మిగిలింది తింటానంది గానీ, సరిగ్గా ముగ్గురికి తూచి తెచ్చిన సరుకుల్లో మిగిలేదేముంటుంది? అయినా సామానుకు ఆకలి వెయ్యకూడదు. వేసినా అది లెక్కలో లేని ఆకలి. రాత్రిళ్ళు వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చునేది. నిద్ర కాదు, పని లేదు గనక ఊరికే ఉండటం. ఓబులేసు ఒకసారి దుప్పటి తెచ్చి కప్పబోయి, దుప్పట్లు మూడే ఉన్నాయని గుర్తొచ్చి వెనక్కి వెళ్ళి పడుకున్నాడు. చాలాసేపు నిద్ర పట్టలేదు.

చలికాలానికి ఆమె మోకాళ్ళు పట్టేశాయి. ఆస్పత్రివాళ్ళు సామాను అని రాసున్న ఆమె కార్డు చూసి, ఇది మా పరిధిలోకి రాదని ఎంతో మర్యాదగా చెప్పారు. ఎవరి పరిధిలోకి వస్తుందో వాడినే ఓబులేసు పిలిపించాడు. మిక్సీలూ గ్రైండర్లూ బాగుచేసే ఆ మనిషి మన కదిరి వైపువాడే. నేల మీద కూర్చుని ఆమె మోకాలిని రెండుసార్లు వంచి చూసి, చెవి ఆనించి విన్నాడు.

"అరిగిపోయిండాది సార్. పాత మోడలు, ఇప్పుడు దీనికి స్పేర్లు రావు. బరువు తగ్గించి వాడుకోండి, నడిచినన్నాళ్ళు నడుస్తాది."

డబ్బులిస్తే తీసుకోలేదు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ కళ్ళు తుడుచుకున్నాడు. అడిగితే, తమ ఇంట్లోనూ ఇదే మోడల్ ఉందన్నాడు.

ఇది జరిగాక ఒక సాయంత్రం హిమజ పుస్తకం మూసి తండ్రి ముందుకొచ్చి నిలబడింది. "నాన్నా, కాలేజీలో నేను ఫస్టొచ్చినానని చెప్తే అమ్మ నవ్వలే. వినింది, పోయి గిన్నెలు కడుక్కునింది."

"నవ్వు బతుకు కిందికొస్తాది గదమ్మా," అన్నాడు ఓబులేసు. ఆ మాట అంత సులువుగా తన నోట వచ్చినందుకు తనే ఉలిక్కిపడ్డాడు.

"అయితే ఆ కోచింగు నాకొద్దు. ఆ పావు అమ్మకే రాయించు."

"అట్లనొద్దు. ఉగాదికి జీతం పెరుగుతాది. అమ్మను పావు కాదు, మొత్తం రాయిస్తా."

అన్నట్టే పెరిగింది. ఓబులేసు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బతుకు కాటా నగర శాఖకు వెళ్ళాడు. అక్కడి అధికారిణి కొత్త జీతం నొక్కి, పెరిగిన అద్దె నొక్కి, పెరిగిన ఫీజులు నొక్కింది. ముల్లు ఊగి ఊగి సరిగ్గా నాలుగు దగ్గర నిలబడింది. ఓబులేసుకు కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకు సుబ్బరత్నను లిఫ్టులో పైకి తీసుకెళ్ళొచ్చు, పక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టొచ్చు అనుకున్నాడు.

"ఉండండి, ఇంకా పూర్తి కాలేదు," అందామె. "ఆమె మనిషయ్యాక ఆమె పనికి వెల కట్టాలి కదా. ఇంతకుముందు సామాను పని కాబట్టి జీతం లేదు. మిక్సీకి ఎవరైనా జీతమిస్తారా?" వంట నొక్కింది. గిన్నెలు, బట్టలు నొక్కింది. ఊడవడం, తుడవడం, పిల్లల జ్వరాలు, ఓబులేసు బీపీ మాత్రలు గుర్తుచెయ్యడం, చుట్టాలకు ఫోన్లు చెయ్యడం. నొక్కుతూనే ఉంది. ముల్లు ఒకటిన్నర దగ్గరికొచ్చి ఆగింది. "ఈ ఒకటిన్నరలో ఎవరుండాలో మీరే చూసుకోండి."

"ఇంకో దారే లేదా మేడమ్?" అన్నాడు ఓబులేసు.

"ఎందుకు లేదు? ఆ పనిలో సగం మీరు చెయ్యండి. అప్పుడు వెల కట్టక్కర్లేదు, ముల్లు మళ్ళీ నాలుగుకే వస్తుంది. ఒక్క రూపాయి ఖర్చు లేదు. అది రాయించుకోవడానికి మేడ మీద విడిగా ఒక గదే ఉంది. ఇంతవరకూ ఎవరూ లోపలికి పోకపోవడంతో తాళం తుప్పు పట్టింది. పగలగొట్టమంటాను, కూర్చోండి."

ఓబులేసు బెంచీ మీద కూర్చున్నాడు. సుబ్బరత్న అంటే అతనికి ప్రాణం, అందులో అబద్ధమేమీ లేదు. కానీ పొద్దున్నే లేవాలి, గిన్నెలు తోమాలి. గోడౌన్‌లో తెలిస్తే నవ్వుతారు. ఒక పూటయితే చెయ్యొచ్చు, ఒక వారమైనా చెయ్యొచ్చు, ఇది రోజూ. మేడ మీద తాళం మీద సుత్తి దెబ్బలు వినబడుతున్నాయి. ఒక్కో దెబ్బకూ అతని గుండె ఝల్లుమంది, తాళం ఊడొస్తుందేమోనని. గడియారం చూసుకున్నాడు. సెలవు పెట్టి వచ్చినవాడికి గడియారంతో పనేమీ లేదు.

"మేడమ్, రేపొస్తా."

"సరే," అందామె కోపమేమీ లేకుండా. అందరూ అదే అంటారు కాబోలు, మేడ వైపు తలెత్తి, "చాలు, ఆపెయ్," అని కేకేసి వరసలో తర్వాతివాళ్ళను పిలిచింది.

ఇంటికొచ్చేసరికి హిమజ తలుపు దగ్గరే ఉంది. వంటింట్లోంచి బొరుగుల ఉగ్గాణి తిరగమోత వాసన వస్తోంది.

"ఏమన్నారు నాన్నా?"

"జీతం ఇంకా పెరగాలంట," అన్నాడు ఓబులేసు.

హిమజ అతని మొహం వంక చాలాసేపు చూసి, లోపలికి వెళ్ళి పుస్తకం తీసింది. సుబ్బరత్న ఉగ్గాణి ప్లేటు తెచ్చి అతని ముందు పెట్టింది.

"దానికే అంత దిగులు పడతావా మామా? పెరిగినప్పుడు చూద్దాంలే. తిను, ఆరిపోతాది."

ఓబులేసు రెండు ముద్దలు తిన్నాడు. ఉగ్గాణి బాగానే ఉంది. బజ్జీలు లేవా అని అడిగాడు. ఆమె వెళ్ళి మళ్ళీ పొయ్యి వెలిగించింది.