మౌన దినం ఏర్పాట్లు

దేవుడి ముందు నోరు మూసుకుని కూర్చోవడం ఎవరికి వాళ్ళు సొంతంగా చేసుకోగలిగిన పని కాదు. దానికి కమిటీ కావాలి, కమిటీకి కన్వీనరు కావాలి, కన్వీనరుకు మైకు కావాలి. ఈ సత్యాన్ని మా చర్చి సంఘం ఈ ఏడాదే కనిపెట్టింది. కారణం మా ఆవిడ.

ఆవిడ పగలంతా ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. మిగతా కాలం సంఘానిది. ఆదివారం పిల్లల బడి, పాటల సాధన, స్త్రీల కూటమి, ఆఖరికి బల్లల మీద గుడ్డలు ఉతికించడం కూడా తన నెత్తినే. (ప్రసంగం మాత్రం పాస్టరు అయ్యగారే స్వయంగా చేస్తారు.) చలికాలంలో వాళ్ళమ్మ పోయింది. సమాధి కార్యక్రమం రోజున కూడా వచ్చినవాళ్ళకి కుర్చీలు సరిపోయాయా, టీ అందిందా అని చూసుకున్నది తనే. ఏడుపు తర్వాత చూసుకుందామని పక్కన పెట్టింది. ఆ 'తర్వాత' ఇంకా రాలేదు.

అందుకే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళి అడిగింది. "అయ్యగారూ, ఒక్క రోజు నాకు ఏ పనీ చెప్పకండి. చర్చిలో ఓ మూల ఊరికే కూర్చుంటాను. ఎవరితోనూ మాట్లాడను."

అయ్యగారు కరిగిపోయారు. "ఎంత మంచి తలంపమ్మా! నీ ఒక్కదానికే ఎందుకు, సంఘమంతటికీ పెడదాం. కన్వీనరుగా నువ్వే దగ్గరుండి చూసుకో."

ముందుగా ఫోనులో 'మౌన దినం' గ్రూపు వెలిసింది. అనవసరంగా ఎవరూ మెసేజీలు పెట్టవద్దని అయ్యగారు మొదటి మెసేజీ పెట్టారు. సంఘమంతా ఆమెన్ అంది, ఎవరికి వారు విడివిడిగా. ఆలస్యంగా ఆమెన్ అన్నవాళ్ళు ఎందుకు ఆలస్యమైందో వివరణ ఇచ్చుకున్నారు.

తర్వాత నియమావళి. ఉన్నట్టుండి ఆత్మ ప్రేరేపిస్తే హల్లెలూయ అనవచ్చా, కూడదా అన్నదాని మీద పెద్దలు మాటామాటా అనుకుని, మెల్లగా అయితే అభ్యంతరం లేదని తేల్చారు. మౌనంలో ఉన్నవాళ్ళు గుర్తుగా బ్యాడ్జి పెట్టుకోవాలి. ("మీరూ మౌనమేనా బ్రదర్?" అని పలకరించుకోవడానికి అది బాగా పనికొచ్చింది.) అన్నిటికన్నా ముఖ్యమైన నియమాన్ని కోశాధికారి చేర్పించారు: అవసరం పడితే కన్వీనరుతో మాట్లాడవచ్చు, అది మౌనభంగం కిందికి రాదు.

ఆ రోజు రానే వచ్చింది. మైకు చూసుకునే తమ్ముడు "హలో, మౌనం, మౌనం, చెక్" అని పరీక్షించాడు. అయ్యగారు మౌనం గొప్పతనం మీద ప్రారంభ సందేశం ఇచ్చారు. అది పూర్తయ్యేసరికి టీ వేళ అయింది. ఆ తర్వాత మౌనం మొదలైంది.

అందరూ చర్చి వంటగదికి వచ్చారు, మా ఆవిడతో మాట్లాడటానికి.

"అక్కా, ఫ్యాను కొంచెం తగ్గించమంటారా?" "అక్కా, ఫ్యాను ఎవరు తగ్గించారు?" పాటల బృందంలో ఓ చెల్లెమ్మ ప్రత్యేకంగా వచ్చి, "లోపల ఎంత నిశ్శబ్దంగా ఉందో అక్కా! మీకు చెప్దామనే లేచొచ్చాను" అంది. నేనూ వెళ్ళి నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానని అడిగాను. (నియమం ప్రకారమే.)

"మీ జేబులోనే ఉంది" అంది. "ఇందాక అమ్మ గొంతు వినబడినట్టయిందండీ. సరిగ్గా అప్పుడే పాలు పొంగాయి" అంటూ పొయ్యి తుడవసాగింది. కళ్ళజోడు పెట్టుకుని లోపలికి వెళ్ళాను.

సాయంత్రం సాక్ష్యాలు. మౌనంలో దేవుడు తమతో ఏమేం మాట్లాడాడో ఒక్కొక్కరూ వివరంగా చెప్పారు. కోశాధికారితో దేవుడు చాలాసేపే మాట్లాడినట్టున్నాడు. చివరికి అయ్యగారు మా ఆవిడను పిలిచారు.

తను చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి మైకు ముందు నిలబడింది. ఏమీ అనలేదు. అలాగే నిలబడింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. హాలంతా సద్దుమణిగింది. పొద్దుట్నుంచి మొదటిసారి ఫ్యాను చప్పుడు వినబడింది. ఏడవనివ్వండి, ఎవరూ కదలకండి అని మనసులోనే మొక్కుకున్నాను.

మైకు తమ్ముడు కంగారుగా పరుగెత్తుకొచ్చాడు. ఆ మైకు తీసేసి వేరేది పెట్టి, "చెక్, చెక్. ఇప్పుడు చెప్పండక్కా" అన్నాడు.

తను ముఖం తుడుచుకుంది. "టీ గ్లాసులు కుర్చీల కింద వదిలేయకండి. బయట తొట్టిలో వెయ్యండి" అంది.

కమిటీ సమీక్ష కూడా జరిగింది. మౌన దినం దిగ్విజయమైందని, వచ్చే ఏడాది దాన్ని మూడు రోజులకు పెంచాలని తీర్మానించారు. లోపం ఒక్కటే కనబడింది: సాక్ష్యాల మధ్యలో కాసేపు ఏమీ వినబడలేదు. ఇకముందు అలా జరగకుండా చూసుకునే బాధ్యత కన్వీనరుకే అప్పగించారు.