మేనత్తకు పోర్ట్‌బ్లెయిర్ చూపించిన వైనం

ఆ రోజు తెల్లవారేసరికి నూకరత్నం మనసులో ఊరంతా వరసగా సర్దుకుని ఉంది. ముందు సెల్యులర్ జైలు, తర్వాత కార్బైన్స్ కోవ్ ఇసుక ఒడ్డు, మధ్యాహ్నం చాథం రంపపు మిల్లు. ఐదు దాటితే చీకటి పడిపోతుంది కనుక నాలుగింటి బస్సుకు తిరిగి హాడోలోని ఇంటికి. అండమానులో పొద్దు తొందరగా పొడిచి తొందరగా కుంకుతుందని, చుట్టాలకు మొట్టమొదట చెప్పవలసిన సంగతి అదేనని ఆమెకు తెలుసు.

విశాఖపట్నం ఓడ ఎప్పుడొస్తుందో రేవులో పనిచేసేవాళ్లకే సరిగా తెలియని రోజులవి. అలాంటి ఓడలో, దారి పొడుగునా వాంతులు చేసుకుంటూ, భర్త గణేశ్వరరావు మేనత్త అప్పలకొండమ్మ ముందురోజు దిగింది. తల్లి లేని గణేశ్వరరావును పెంచి పెద్దచేసింది ఆవిడే. ఇప్పుడు వచ్చింది చుట్టపుచూపుకు కాదు. వాళ్ల రెండేళ్ల చిన్నోడిని భీమిలి తీసుకుపోవడానికి.

"సుట్టూ నీళ్లు, మజ్జిన అడివి. ఇక్కడ గుంటడేటి పెరుగుతాడే? ఐదేళ్లొచ్చాక పంపుతానులే. ఎల్లుండి ఓడ ఎనక్కెళ్తాదట, ఆడి బట్టలు సర్దు," అంది.

నూకరత్నం భర్త వైపు చూసింది. గణేశ్వరరావుకు అత్త మాటకు ఎదురు చెప్పడం పుట్టాక అలవాటు లేదు. "ఊరు సూపించు. నచ్చితే ఆవిడే మానుకుంటాది," అని భార్య చెవిలో ఊది, రేవు డ్యూటీకి జారుకున్నాడు.

చిక్కొకటే. నూకరత్నం ఈ ఊళ్లోనే పుట్టింది, ఈ ఊళ్లోనే ఐదో తరగతిలో బడి మానేసింది, కానీ జైలు గడప ఏనాడూ తొక్కలేదు. తెల్లారగానే, దారి కనుక్కుందామని పక్క క్వార్టరు కామమ్మను అడిగింది.

"ముప్పయ్యేళ్లయింది ఈ దీవికొచ్చి. నేనూ సూడ్లేదే! ఉండు, సీర మార్చుకునొస్తాను," అంది కామమ్మ.

కామమ్మ చీర మార్చుకుంటున్న సంగతి వీధంతా పాకింది. తీరా చూస్తే జైలు చూసినవాళ్లు ఆ వీధిలో ఒక్కరూ లేరు. బస్సు వేళకు పదకొండు మంది, నాలుగు కారియర్లు, ఒక బిందెడు నీళ్లు తేలాయి. దారి చూపే పని చేపల వేటకు వెళ్లే ముసలి దానయ్య తీసుకున్నాడు.

"జైలు నాకు తెలవదేటి? రోజూ సూస్తన్నాను," అన్నాడు.

బస్సెక్కుతుంటే కండక్టరు నోరు తెరిచాడు. "క్యా దీదీ, బరాత్ హై క్యా? దుల్హా కిధర్?"

"ఏటంటన్నాడే ఈడు?" అంది అప్పలకొండమ్మ.

"బాగున్నారా అని అడుగుతన్నాడత్తా," అంది నూకరత్నం. పెళ్లివారా, పెళ్లికొడుకేడీ అని అడిగాడని చెప్పడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు.

ఆ రోజుల్లో బస్సులో కూర్చున్నవాళ్లు నిలబడ్డవాళ్ల పిల్లల్ని అడగకుండానే ఒళ్లోకి లాక్కునేవారు. ఇవ్వనంటే చిన్నబుచ్చుకునేవారు కూడా. చిన్నోడు కామమ్మ చేతిలోంచి వెనక సీటుకూ, అక్కడినుంచి ఎవరో బెంగాలీ ఆవిడ ఒళ్లోకీ వెళ్లాడు. నూకరత్నం మాత్రం జైలు, ఒడ్డు, మిల్లు అని లోలోపల వల్లెవేసుకుంటూ నిలబడింది.

అబర్డీన్ బజారులో గడియారస్తంభం దగ్గర దిగారు. దానయ్య ముందు నడిచాడు. "జైలు ఎడం సేతికి వస్తాది. పదండి." ఎడమకు తిరిగారు. మళ్లీ ఎడమకు తిరిగారు. అరగంట తిరిగినా జైలు రాలేదు. దానయ్య నిలబడి, వెనక్కి తిరిగి, కళ్లు చికిలించి, నాలుగడుగులు వెనక్కి నడిచాడు.

"దారి తప్పేవా మావా?" అంది కామమ్మ.

"తప్పడమేటి! సముద్రం మీంచి రేవులోకొస్తంటే కళ్లు మూసుకుని సూపిస్తాను. ఎడం సేతికే! ఇలా ఎనకనుంచి దాన్నెప్పుడు సూసేను?"

ముప్పయ్యేళ్లుగా ఆయన ఊరిని పడవ మీంచే చూశాడు. నేల మీద నిలబడితే ఆయనకు కుడి ఎడమలు తారుమారు.

ఇంతలో పొడుగాటి మేడ ఒకటి కనబడింది. వరసగా కిటికీలు, కిటికీలకు ఇనుప ఊచలు. "అదిగో!" అన్నారు పదకొండు మందీ. అప్పలకొండమ్మ చెప్పులు విడిచి, గోడను తాకి కళ్లకద్దుకుంది. అంతలో ఒక కిటికీ ఊచల వెనక నుంచి, సగం గడ్డం గీసుకుని సగం సబ్బు నురగతో ఒక మనిషి తొంగిచూశాడు.

"ఓలమ్మోలమ్మ! సొతంత్రం వచ్చి ఇన్నేళ్లయినా ఈడినింకా ఒదల్లేదే!" అని అప్పలకొండమ్మ బావురుమంది. మూట విప్పి ఊచల సందులోంచి జంతికలు అందించింది. ఆయన కాసేపు ఆలోచించి, ఒకటి కొరికి, "మా జీ, నమక్ థోడా కమ్ హై," అన్నాడు, ఉప్పు కాస్త తగ్గిందంటూ.

కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. "అరే, యే సర్కారీ హాస్టల్ హై! బాబులోగ్ రెహ్‌తే హైఁ!"

ఇది గుమాస్తాలు ఉండే హాస్టలని కామమ్మ విడమరిచి చెప్పింది. అప్పలకొండమ్మ కన్నీళ్లు టక్కున ఆగాయి.

"మరైతే ఆ జంతికలెనక్కి అడుగు. చిన్నోడికని తెచ్చేను. ఇదిగో నాన్నా... గుంటడేడీ?"

నూకరత్నం కామమ్మను చూసింది. కామమ్మ దానయ్యను చూసింది. దానయ్య సముద్రం వైపు చూశాడు. పదకొండు మందిలో ప్రతి ఒక్కరూ పిల్లాడు పక్కవాళ్ల చంకన ఉన్నాడనే అనుకున్నారు. నూకరత్నానికి బెంగాలీ ఆవిడ ఒడి గుర్తొచ్చింది. బస్సు!

"బట్టలు సర్దక్కర్లేదులే. తోడుకెళ్దామంటే గుంటడుండాలి కదా," అంది అప్పలకొండమ్మ. ఆ మాట చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

నూకరత్నం చెప్పులు లేకుండా బజారుకు పరుగెత్తింది, వెనకే అత్తా మిగతా అందరూ. హాడో వైపు నుంచి వస్తున్న బస్సు ఇంకా ఆగకముందే అందులో కబురందుకున్న వేరే కండక్టరు తల బయటపెట్టి అరిచాడు. "హాడోవాలీ దీదీ? బచ్చా పహుంచ్ గయా! గణేశ్ భయ్యా కే పాస్!"

"సేరిపోయాడత్తా! ఆళ్ల నాన్న దగ్గరికి సేరిపోయాడు!" అంటూ ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

అందరూ రేవుకు వెళ్లేసరికి చిన్నోడు కాంటీను బల్ల మీద ఖలాసీ తువ్వాలు పరుచుకుని నిద్రపోతున్నాడు. చేపల పులుసుతో అన్నం తిన్నాడు. ఎవరో తలకు నూనె కూడా రాశారు. ఆ బెంగాలీ ఆవిడ పిల్లాడి చెవులు చూసి గణేశ్వరరావు కొడుకని పోల్చిందట. పొద్దుటి కండక్టరు నిండు బస్సును రేవు గేటు ముందు నిలిపి, వాడిని స్వయంగా అప్పగించి వెళ్లాడట. ఆలస్యమైందని బస్సులో ఒక్కరూ నోరెత్తలేదట. అప్పటి ఊరు అలాంటిది.

అప్పలకొండమ్మ చాలాసేపు పిల్లాడి పక్కనే కూర్చుంది.

"మీ ఆయన ఇంతప్పుడు తిరణాల్లో తప్పిపోతే మూడ్రోజులెతికేం. ఈడు ఒక్కడూ బస్సెక్కి, కడుపునిండా తిన్నాడు, తలంటు పోయించుకోడమొక్కటే తక్కువ. ఊరు మంచిదేనే."

నూకరత్నం ఆవిడ కాళ్లకు దండం పెట్టబోయింది.

"ఆగు. ఊరు మంచిదన్నాను. నిన్నేటన్లేదు," అంది అత్త.

మర్నాడు ఓడ ఆవిడ లేకుండానే కదిలింది. ఆ రోజు నుంచి గణేశ్వరరావు ఇంట్లో అత్త పెంపకంలో ఉన్నవాళ్లు ఇద్దరు: ఒకడికి రెండేళ్లు, ఒకామెకు ఇరవై.