గెస్ట్ బయటికి వెళ్ళకూడదు

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లోంచే మీటింగు ముగించి, ఫోను కట్టేసి, మధ్యాహ్నం హాయిగా పడుకోవాలి. మీటింగు మాత్రం ఆషామాషీ కాదు. ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకెట్ల మీద తేదీ ముద్ర వేసే యంత్రాన్ని అతని ప్రోగ్రామే నడుపుతుంది. ఆ ప్రోగ్రాము ఉండేది కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరులా నటించే వర్చువల్ మెషీన్‌లో. లోపలిదాన్ని గెస్ట్ అనీ, దానికి చోటిచ్చిన బయటిదాన్ని హోస్ట్ అనీ అంటారు. టైమరు గంట కొట్టగానే గెస్ట్ ముద్ర వెయ్యాలి. కానీ గంట ముందు హోస్ట్‌కి వినపడి, అది గెస్ట్‌ని తట్టి లేపి, బయటికి రప్పించి మళ్ళీ లోపలికి పంపేసరికి ప్యాకెట్టు జారిపోయి, తేదీ కాస్తా ఖాళీ బెల్టు మీద పడుతోంది. ఇవాళ సరిచెయ్యకపోతే వేరే కంపెనీని చూసుకుంటామని ఫ్యాక్టరీ మేనేజరు ముందే తేల్చేశాడు.

ఇక ఆ ఇంట్లో అసలు సిసలైన అతిథి మామగారు. కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. సొంతింటి పైకప్పు మరమ్మతులో ఉండడంతో భార్యను ఆవిడ చెల్లెలింటికి పంపి, తాను కూతురింట్లో దిగాడు. అల్లుడి పంచన ఎక్కువకాలం ఉంటే పరువు పలచబడుతుందని ఆయన బెంగ. అందుకే ఎవరేమన్నా తన గురించేనేమోనని చెవులు రిక్కించుకుని తిరుగుతున్నాడు.

నడకకి బయల్దేరి వీధి తలుపు తీశాడో లేదో, గదిలోంచి అల్లుడి గొంతు వినపడింది. సహోద్యోగినితో ఫోనులో మాట్లాడుతున్నాడు.

"అసలు సమస్య గెస్టే. అయినదానికీ కానిదానికీ బయటికెళ్తోంది. వెళ్ళినప్పుడల్లా తిరిగి లోపలికొచ్చేసరికి పని చెడుతోంది."

మామగారు బూట్లు విప్పేశాడు. బయటికెళ్ళడం తప్పే అనుకుందాం. ఆ 'వెళ్తోంది' ఏమిటి? జడ్జిలంతటి వాళ్ళు ఆయన్ని 'మీరు' అన్నారు. మనసు చివుక్కుమని కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకోటి, పని లేకపోతే చాలు, కునుకు తీస్తోంది. లేపితే ఓ పట్టాన లేవదు. ఇకమీదట పనున్నా లేకపోయినా మేలుకునే ఉండాలి."

మామగారు చటుక్కున కళ్ళు తెరిచి నిటారుగా కూర్చున్నాడు. అల్లుడు తలుపు సందులోంచి చూస్తున్నాడేమోనని అనుమానమొచ్చి, లేచి మొహం కూడా కడుక్కొచ్చాడు.

"దాన్ని ఒక కోర్‌కి కట్టిపడేద్దాం. అక్కడికి ఇంకెవర్నీ రానివ్వద్దు."

కోర్ అంటే ప్రాసెసర్‌లో ఒక భాగం. మామగారి చెవిన అది కోర్టనే పడింది. తాను పనిచేసిన బెంచి ముందు, ముద్దాయిగా తన పేరే ఎవరో పిలుస్తున్నట్టు తోచింది.

"అప్పటికీ మాట వినకపోతే చంపేసి కొత్తది పెడదాం. ఎంతసేపు."

మామగారు పిల్లిలా బాల్కనీలోకి వెళ్ళి, మందుల షాపులో పనిచేసే కూతురికి ఫోను చేశాడు.

"అమ్మా, నేను వెళ్ళిపోతున్నా. మీ ఆయన నన్ను చంపేస్తాట్ట."

"నువ్వేం చేశావు నాన్నా?"

"నేనేం చేశాను? బయటికెళ్ళాను, పడుకున్నాను. అంతే."

కూతురు మొగుడికి ఫోను చేసింది. కలవలేదు. కంగారుపడి తల్లికి చేసి, "గొడవపడ్డారట" అంది. తల్లి, ఎన్నాళ్ళుండాల్సొస్తుందోనని బట్టలు సర్దుకుంటూ తన చెల్లెలితో, "కొట్టుకున్నారట" అంది. చెల్లెలు టాక్సీవాడితో, "ఆస్పత్రికో ఇంటికో ఇంకా తేలలేదు, ముందు పోనివ్వు బాబూ" అంది.

ఈలోగా మీటింగు మొదలైంది. తెర మీద మేనేజరు, వెనకాల ఆగిన బెల్టు. చేసిన మార్పులన్నీ అల్లుడు చెప్పుకుపోతున్నాడు, మేనేజరు మొహం ముడుచుకుపోతోంది.

"మీరేం చేశారో నాకు ముక్క అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని నా లైను మీద ఎలా పెట్టనిస్తాను?"

అప్పుడే తలుపు తెరుచుకుంది. చేతిలో పెట్టెతో మామగారు నిలబడ్డాడు. సాక్షుల్ని పిలవడానికి అలవాటుపడ్డ గొంతు గదంతా నిండింది.

"బాబూ, ఒక్క మాట చెప్పి వెళ్తాను. గెస్ట్‌తో పనుంటే గెస్ట్‌కే నేరుగా చెప్పాలి. మధ్యలో ఇంకెవరికో చెప్పి, వాళ్ళు నాకు చెప్పేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది."

అల్లుడు గబుక్కున మైకు కట్టెయ్యబోయాడు. మేనేజరు మాత్రం కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఆగండాగండి. గంట హోస్ట్ దాకా పోకుండా నేరుగా గెస్ట్‌కే వినపడేలా చేశారు. ఇంతేనా మీరు చెప్పేది?"

"ఇంతేనండీ," అన్నాడు అల్లుడు నీరసంగా.

"మరి నడపండి."

బెల్టు కదిలింది. ముద్రలు ఒకదాని వెనక ఒకటి ప్యాకెట్ల నడిమధ్య పడ్డాయి. "ఈసారి నుంచి ఆ పెద్దాయన్నే మాట్లాడనివ్వండి" అని మేనేజరు సెలవు తీసుకున్నాడు.

ఊపిరి పీల్చుకునేలోపే దూది, కట్టుగుడ్డలతో భార్య, ఆ వెనకే అత్తగారు, ఆవిడ చెల్లెలు దిగారు. విషయం విప్పి చెప్పడానికి అల్లుడి తల ప్రాణం తోకకొచ్చింది.

"అయితే చంపేది?" అన్నాడు మామగారు.

"కంప్యూటర్నండీ."

"ఆ ముక్క తలుపు తీసి చెప్పొచ్చుగా" అంటూ ఆయన పెట్టె కింద పెట్టాడు.

గండం గడిచిన సంతోషంలో అల్లుడు నోరు జారాడు. "ఇది మీ ఇల్లే మామయ్యగారూ. ఎన్నాళ్ళైనా ఉండండి."

అత్తగారు చెల్లెలి వైపు చూసింది. "అంతగా అడుగుతున్నాడు, కాదంటే ఏం బాగుంటుంది?" అని టాక్సీలోంచి సామాను దింపించింది.

ఆ మర్నాటి నుంచి ఫ్యాక్టరీలో ఏ ముద్రా ఆలస్యం కాలేదు; ఆలస్యమంతా వచ్చి స్నానాలగది ముందు నిలబడింది.