ఐదో తరగతి కప్పు కారని రోజు

ఆ ఉదయం పెద్దమాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు ఇంజనీరు బడికి వస్తాడు. ఐదో తరగతి గదిలో నిలబడతాడు. పైనుంచి నీళ్ళు కారతాయి. చూస్తాడు, రాసుకుంటాడు, వెళ్ళిపోతాడు. ఇందులో చెడిపోవడానికి ఏముంది?

"రెండు నెలలుగా చినుకు లేదు. ఎండ మండిపోతోంది. కప్పు ఎలా కారుతుందండీ?" అని అడిగింది ఆయన భార్య, కాఫీ గ్లాసు చేతికిస్తూ.

"వాన నేను తెప్పిస్తానుగా! నాలుగు బకెట్ల వాన!" అని మాస్టారు సగం కాఫీ తాగి లేచిపోయారు.

కారడం ఆ కప్పుకి ఎవరూ నేర్పనక్కర్లేదు. తొమ్మిదేళ్ళ అనుభవం ఉంది. శ్లాబు నడిమధ్య మూరెడు పగులు. ఎంత వానకి ఏ బెంచీ తడుస్తుందో పిల్లలకి ఎక్కాల కంటే బాగా వచ్చు. మాస్టారు ఏటా ఒక అర్జీ పెట్టేవారు. చివరికి ఈ ఏడాది బడ్జెట్‌లో వంద బడుల మరమ్మతుకి డబ్బు పెట్టారు. ఈ బడి డెబ్బై రెండోది. అందరూ సంబరపడ్డారు. ఆర్నెల్లు తిరక్కుండా బడ్జెట్‌ని సవరించారు. వంద కాస్తా యాభై అయింది. డెబ్బై రెండు ఏమైందో ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఒక ఉత్తరువు వచ్చింది. కప్పు కారడం ఇంజనీరు తన కళ్ళతో చూస్తే ఆ బడిని యాభైలో చేరుస్తారు. చేరకపోతే గది మూసేసి, ఐదో తరగతి పిల్లలు ముప్ఫై ఒక్క మందినీ రైలు గేటు అవతల ఉన్న పెద్ద బడికి పంపుతారు. ఆ గేటు రోజుకి ఇరవై సార్లు పడుతుంది. గేటు పడితే పెద్దవాళ్ళే వంగి దూరిపోతారు, ఇక పదేళ్ళ పిల్లలు ఆగుతారా? ఆ మాట విన్నప్పటినుంచి ఐదో తరగతి టీచరమ్మకి అన్నం సయించలేదు.

తొమ్మిదింటికి మాస్టారు బడికి చేరగానే గంటయ్యని పిలిచారు. గంటయ్య బడి అటెండరు. ముప్ఫై ఏళ్ళుగా గంట కొడుతున్నాడు కాబట్టి అసలు పేరు అందరూ మరిచిపోయారు.

"గంటయ్యా, నాలుగు బకెట్ల నీళ్ళు మేడ మీదికి ఎక్కించు. ఇంజనీరు గదిలోకి వచ్చాక నేను దగ్గుతాను. దగ్గు వినపడగానే ఒక బకెట్ కుమ్మరించు. సరిగ్గా పగులు మీద! నీళ్ళు జారిపోకుండా తూముకి గుడ్డ కుక్కు."

గంటయ్య మొహం వెలిగిపోయింది. "అయితే మీకు తెలిసిపోయిందా సార్?"

"ఈ బడిలో నాకు తెలియనిది ఏముందయ్యా!" అన్నారు మాస్టారు, గర్వంగా.

తెలియనిది ఒకటి ఉంది. ముప్ఫై ఏళ్ళలో ఆ బడికి ఎప్పుడు ఏ అధికారి వచ్చినా గంటయ్య చేసే పని ఒకటే. దాచడం. విరిగిన కుర్చీని గోడకి ఆనించి నిలబెడతాడు. పెచ్చులూడిన చోట దేశపటం తగిలిస్తాడు. పగిలిన గచ్చు మీద పూలకుండీ పెడతాడు. నిన్న మధ్యాహ్నం మాస్టారు "రేపు ఇంజనీరు వస్తున్నాడు" అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయారు. గంటయ్య నేరుగా ఎదురు వీధిలో ఇల్లు కడుతున్న తన బావమరిది మేస్త్రీ దగ్గరికి పరుగెత్తాడు. పొద్దుగూకేలోపు మేస్త్రీ ఆ పగులుని మేడ మీద నుంచి చెక్కి, కడిగి, సిమెంటు ఎక్కువ పాళ్ళలో కలిపి దట్టించి పూడ్చేశాడు. పైసా తీసుకోలేదు. అతని కూతురు చదువుతున్నది ఐదో తరగతే.

కాబట్టి మాస్టారు నీళ్ళు పొయ్యమనగానే గంటయ్యకి అంతా అర్థమైపోయింది. కప్పు ఎంత గట్టిగా ఉందో ఇంజనీరుకి చూపించబోతున్నారు!

పదకొండు కొట్టేసరికి ఇంజనీరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చంకలో లావుపాటి ఫైలుతో ఉన్నాడు. ఐదో తరగతి గది గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల పిల్లలు బెంచీల కింద పళ్ళేలూ బేసిన్లూ పెట్టుకుని, చేతుల్లో గొడుగులు పట్టుకుని కూర్చున్నారు. పగులు కింద బెంచీ ఖాళీ చేసి ఒక పెద్ద బేసిన్ పెట్టారు. ఇదంతా టీచరమ్మ రెండు రోజులు నేర్పిన పాఠం.

"ఇవన్నీ ఏంటమ్మా? బయట ఎండ కదా!"

"మా కప్పు చెప్పి కారదండీ," అంది టీచరమ్మ. "ఎందుకైనా మంచిదని."

మాస్టారు గొంతు సవరించుకుని గట్టిగా దగ్గారు.

పైన దభేలుమని బకెట్ కుమ్మరించిన చప్పుడు. గదిలో తలలన్నీ పైకి లేచాయి. పగులు కనిపిస్తోంది. చుక్క రాలలేదు.

మాస్టారు మళ్ళీ దగ్గారు. దభేల్. చుక్క లేదు. వరసగా రెండు దగ్గులు దగ్గారు. దభేల్, దభేల్. పగులు పొడిగా, ఎండుటాకులా, ఏమీ ఎరగనట్టు చూస్తోంది.

"అయ్యో, మీకు బాగా పట్టేసినట్టుందే!" అని ఇంజనీరు జేబులోంచి దగ్గుబిళ్ళ తీసి మాస్టారి చేతిలో పెట్టాడు. ఎదురుగా నిలబడి చూస్తుంటే మాస్టారు నోట్లో వేసుకోక తప్పలేదు. అంతలో సుద్దపొడి ముక్కుకెక్కి ఇంజనీరుకే దగ్గు వచ్చింది. పైన దభేల్.

"పైన ఎవరైనా స్నానం చేస్తున్నారా?"

"ఒక్క నిమిషం సార్!" అని మాస్టారు బయటికి పరుగు తీశారు. యాభై ఏడేళ్ళ మనిషి, పంచె ఎగదోసి, నిచ్చెన మెట్లు రెండేసి చొప్పున ఎక్కేశారు.

మేడ మీద చీలమండ లోతు నీళ్ళు. మధ్యలో మేస్త్రీ ప్యాంటు మడిచి, చేతిలో పైపు పట్టుకుని పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు. పక్కన గంటయ్య ఖాళీ అయిన బకెట్‌ని పైపు నీళ్ళతో మళ్ళీ నింపుకుంటున్నాడు.

"రండి మాస్టారూ! బావ బకెట్లతో పోస్తానంటాడు. బకెట్లతో ఏం తెలుస్తుంది? నేను అంతకుముందే, పొద్దున ఎనిమిదికే, ఎదురింటి నుంచి పైపు లాగి నీళ్ళు కట్టేశా. మూడు గంటలైంది. నిన్న నేను పూడ్చిన పగులులోంచి ఒక్క చుక్క కిందికి దిగిందేమో చెప్పమనండి, నా తాపీ మీ కాళ్ళ దగ్గర పెట్టేస్తా!"

మాస్టారి నోట్లోంచి దగ్గుబిళ్ళ ఊడి నీళ్ళల్లో పడింది. "ఎవరు పూడ్చమన్నారయ్యా నిన్ను?"

"పెద్దాఫీసరు వస్తుంటే చిల్లు చూపిస్తామా సార్?" అన్నాడు గంటయ్య.

"చూపించాలయ్యా! కారాలి! కారితేనే డబ్బు, కారితేనే గది!"

గంటయ్య బకెట్ కింద పెట్టాడు. మెల్లగా అన్నాడు. "ముప్ఫై ఏళ్ళు దాచమన్నారు సార్. ఇవాళ చూపించాలంటే నా చేతులకి ఎలా తెలుస్తుంది?"

మాస్టారు పిట్టగోడకి ఆనించి ఉన్న గడ్డపార అందుకున్నారు. మేస్త్రీ చటుక్కున వెళ్ళి తను పూడ్చిన చోట నిలబడ్డాడు.

"ముందు నా పాదం మీద దించండి. తర్వాత నా పని మీద దించుదురుగాని."

"నీ కూతురు రేపట్నుంచి రైలు గేటు దాటి వెళ్ళాలి. పోనీ, అలాగే నిలబడు."

మేస్త్రీ నవ్వు ఆగిపోయింది. కాళ్ళకేసి చూసుకున్నాడు. చెయ్యి చాచాడు. "ఇటివ్వండి. మీరు కొడితే కప్పంతా కూలుతుంది. కట్టింది నేను, కొట్టేదీ నేనే."

ఒక దెబ్బ. రెండు. పది. నిప్పురవ్వలు వస్తున్నాయి తప్ప పెచ్చు లేవడం లేదు.

"ఇంత గట్టిగా ఎందుకు పెట్టావురా?" అని ఏడ్చినంత పని చేశాడు గంటయ్య.

"ఇంజనీరు చూస్తాడని నువ్వే కదా బావా చెప్పావ్!"

కింద ఇంజనీరు ఫోను మోగింది. విన్నాడు, పెట్టేశాడు. టీచరమ్మ వైపు తిరిగాడు.

"ఆఫీసు నుంచమ్మా. బడ్జెట్ మళ్ళీ సవరించారట. మరమ్మతుల పద్దు మొత్తం ఎత్తేశారు. యాభై కూడా లేవు."

టీచరమ్మ ఒక అడుగు ముందుకేసింది. "మరి మా పిల్లలు?"

"కారే గదుల్ని ఇవాళే మూసెయ్యమన్నారు. మీకేం భయం లేదు. మీ కప్పు రాయిలా ఉంది, నేనే చూశానుగా! మీవాళ్ళు ఇక్కడే చదువుకోవచ్చు. అదృష్టవంతులమ్మా మీరు."

సరిగ్గా అప్పుడు పైనుంచి గడ్డపార దెబ్బ వినిపించింది. పగులు అంచున ఇసుక రాలింది.

టీచరమ్మ చెప్పులు వదిలేసి ఆటస్థలం మధ్యకి పరుగెత్తింది. రెండు చేతులూ ఊపుతూ "ఆపండి! కొట్టకండి! కారకూడదు!" అని గొంతు చించుకుని అరిచింది. గడ్డపార మోతలో ఒక్క మాట పైకి చేరలేదు. మాస్టారికి ఊగుతున్న చేతులు కనిపించాయి. పాపం, అక్కడ ఇంజనీరు వెళ్ళిపోతున్నట్టున్నాడు, తొందరపెడుతోంది అనుకున్నారు.

"అయిపోయిందమ్మా! ఇంకొక్క దెబ్బ!" అని అరిచి, మేస్త్రీతో పాటు తను కూడా గడ్డపార పట్టుకున్నారు. గంటయ్య మూడో చెయ్యి వేశాడు.

ఆ దెబ్బకి మేస్త్రీ పూడ్చినది, దాని చుట్టూ పాత శ్లాబు ఇంత ముక్క, ఊడి కింద బేసిన్‌లో పడ్డాయి. వెనకే పొద్దున్నించి నిలవ ఉన్న నీళ్ళన్నీ ఒక్కుమ్మడిగా దిగాయి. అప్పుడే పగులుని దగ్గర్నుంచి చూద్దామని ముందుకొచ్చిన ఇంజనీరు నిలువునా తడిసిపోయాడు. పిల్లలు మాత్రం ఒక్కరు కూడా పాఠం మరిచిపోలేదు. ఠక్కున గొడుగులు తెరిచి, ముప్ఫై ఒక్క మందీ ఒకే గొంతుతో "అయ్యో, మా కప్పు కారుతోందండీ!" అన్నారు.

చిల్లులోంచి మాస్టారి మొహం కనిపించింది. పట్టరాని సంతోషం. "చూశారా సార్! చూశారుగా! ఎలా కారుతోందో!"

లోపలికి వచ్చిన టీచరమ్మ తలెత్తి సంగతి చెప్పింది. చిల్లులోంచి మాస్టారి మొహం మాయమైంది. నీళ్ళల్లో కూలబడిన చప్పుడు వినిపించింది.

బేసిన్‌లో చినుకులు పడుతున్నాయి.

"సాయంత్రానికి మళ్ళీ పూడ్చేస్తా సార్," అని పైనుంచి మేస్త్రీ బతిమాలాడు. "నిన్నటికంటే గట్టిగా!"

"చూశాక చూడలేదని ఎలా రాయమంటావయ్యా?" అన్నాడు ఇంజనీరు, కళ్ళజోడు తుడుచుకుంటూ. తుడవడానికి పొడిగుడ్డ ఏదీ దొరకలేదు.

రెండో బెంచీలోంచి ఒక పిల్ల లేచి చిల్లు వైపు చూసింది. "నాన్నా, రేపట్నుంచి గేటు అవతలి బడికేనా?"

పైన గడ్డపార కింద పెట్టిన చప్పుడైంది.

ఇంజనీరు ఆ పిల్లని చూశాడు. చీలమండ దాకా నీళ్ళు నిండిన నేలని చూశాడు. పొంగిపోతున్న పళ్ళేలని చూశాడు. "మేస్త్రీ, ఈ నీళ్ళన్నీ పైన ఎంతసేపున్నాయి?"

"మూడు గంటల పైచిలుకు సార్. చుక్క దిగలేదు. పిల్లల మీద ఒట్టు."

ఇంజనీరు తడిసిన ఫైలు తెరిచి, అతుక్కుపోయిన కాగితాలు ఒక్కొక్కటే ఊడదీస్తూ ఆఖరి పేజీకి వెళ్ళాడు. "ఇక్కడ ఒక పద్దు ఉంది. బడుల్లో నీళ్ళ తొట్లు. దీన్ని ఎవరూ కొయ్యలేదు. ఇంతదూరం ఎవరూ చదివి ఉండరు. పాడైన పాత తొట్టి ఉంటే పడగొట్టి కొత్తది కట్టొచ్చట. మాస్టారూ, మీ బడిలో మేడ మీద నీళ్ళు నిలవ ఉండే చోటు ఉందా?"

ఒళ్ళంతా తడిసి అప్పుడే కిందికి దిగివచ్చిన మాస్టారు నిజాయితీపరుడు. "లేదు సార్, అది ఐదో తరగ..." అంటుండగా టీచరమ్మ ఆయన కాలు తొక్కింది.

"ఉందండీ!" అంది టీచరమ్మ.

"ఉన్నట్టే అనిపించింది. నెత్తి మీదే పడింది కదా," అని ఇంజనీరు రాయడం మొదలుపెట్టాడు. "పాత తొట్టి. అడుగున చిల్లు. కొత్తది కట్టాలి. తొట్టి నిలబడాలంటే కింద కొత్త శ్లాబు ఉండాలి."

"శ్లాబు నిలబడాలంటే నాలుగు గోడలుండాలి సార్," అన్నాడు నిచ్చెన మీద నుంచి మేస్త్రీ.

"రాశాను. గోడలకి రంగు?"

"చెమ్మ పట్టకుండా సార్," అన్నాడు గంటయ్య.

"కిటికీలు?"

"తొట్టి కింద గాలి ఆడాలి కదండీ!" అంది టీచరమ్మ.

"నల్లబల్ల?" అన్నారు మాస్టారు, ఇక ఆగలేక.

ఇంజనీరు కలం ఆపి కొంచెం ఆలోచించాడు. "నీటిమట్టం రాసుకోవడానికి," అన్నాడు, రాసుకున్నాడు.

నెల తిరక్కుండా మంజూరు వచ్చింది. ఆ నెలా తర్వాతి రెండు నెలలూ ఐదో తరగతి మాస్టారి గదిలో నడిచింది, మాస్టారు వరండాలో కూర్చున్నారు. వానలు మొదలయ్యేసరికి గది సిద్ధమైంది. పైన ఒక మూల చిన్న తొట్టి కూడా కట్టారు.

ప్రభుత్వ కాగితాల్లో మాత్రం మొత్తం కట్టడాన్ని తొట్టి అనే రాసుకున్నారు. దాని అడుగున పాచి పేరుకుందా అని ఏడాదికోసారి ఆఫీసు నుంచి ఉత్తరం వస్తుంది, టీచరమ్మ పిల్లల్ని ఒకసారి తేరిపార చూసి, ప్రస్తుతానికి లేదని జవాబు రాస్తుంది.